రేడియో మింగని బిళ్ళలు

ఆయనకి రేడియో అన్న పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎందుకు పెట్టారో మాత్రం ఆయన కుర్చీలో కాసేపు కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. పొద్దున సెలూన్ షట్టరు ఎత్తుతూ మొదలుపెట్టిన మాట సాయంత్రం షట్టరు దించేటప్పటికి కూడా ఇంకా మధ్యలోనే ఉంటుంది. ఒక చేతిలో దువ్వెన, ఒక చేతిలో కత్తెర, వినేవాడేమో మెడకి గుడ్డ చుట్టించుకుని కదలకుండా కూర్చుని ఉంటాడు. మాటకారికి ఇంతకన్నా ఏం కావాలి? తన పంటి నొప్పి దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ కుక్కకి జరిగిన ఆపరేషను దాకా ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళకి తెలియని సంగతి లేదు.

అలాంటి మనిషి ఒకే ఒక్క విషయాన్ని నోట్లోనే దాచుకున్నాడు. అది కూడా చెప్పి తీరాల్సిన మనిషి దగ్గర.

సెలూన్లో కుర్చీలు రెండే. వీధి వైపు కిటికీ పక్కనున్నది రేడియోది. వెలుతురు బాగా పడేది, కస్టమర్లు ముందుగా చూసేది అదే. లోపలి మూల, ఫ్యాను గాలి సరిగ్గా తగలని చోట రెండోది. అది బావమరిదిది. బావమరిది మంచివాడు, పనిమంతుడు, పెద్దగా మాట్లాడడు. కిటికీ పక్క కుర్చీ వైపు చూసే చూపులో మాత్రం కొంచెం ఆశ ఉండేది. గోడవారగా ఒక బల్ల. దాని మీద వంతు కోసం ఆగేవాళ్ళతో పాటు రిటైరైన హెడ్మాస్టారు రోజూ పేపరు చదువుతూ కూర్చునేవాడు. ఆయన తల మీద కత్తెరకి దొరికే జుట్టు ఎప్పుడో అయిపోయింది. గెడ్డం ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని ఆయన సెలూన్‌కి రావడం మానలేదు.

అసలు ఇదంతా మొదలైన రోజు ఆస్పత్రికి వెళ్ళింది రేడియో కోసం కాదు. భార్య మోకాలు వాచింది. ఆవిడ బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది, కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి. తోడు వెళ్ళిన రేడియో ఊరికే కూర్చోలేక నర్సుతో కబుర్లు పెట్టుకున్నాడు. ఆవిడకి పని సాగక, ఇలాగైనా నోరు మూస్తాడేమోనని, "చెయ్యి ఇలా ఇవ్వండి" అని బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టింది. సూది వైపు చూసి నవ్వు ఆపేసింది. మళ్ళీ కొట్టింది. ఆ తరవాత రెండో చెయ్యి అడిగింది.

డాక్టరమ్మ భార్య మోకాలు పక్కన పెట్టి ఆయన వైపు తిరిగింది.

"తలనొప్పి వస్తుంటుందా?"

"మా బావమరిది నోరు తెరిస్తే వస్తుందండీ. వాడు ఎప్పుడో గానీ తెరవడు."

డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వే తీరిక ఆవిడకి లేదు. గది బయట ఊరు ఊరంతా వరసలో కూర్చుని ఉంది. ఆవిడ ఒక్కో మనిషికి ఇచ్చే టైములో రేడియో అయితే గెడ్డానికి నురగ కూడా పూర్తిగా పట్టించడు.

"బీపీ బాగా ఎక్కువుంది. ఈ బిళ్ళ రోజూ పొద్దున ఒకటి. ఆపకూడదు."

"ఎన్నాళ్ళండీ?"

"ఎప్పటికీ."

పెళ్ళప్పుడు కూడా ఆ మాట ఇంత గట్టిగా ఎవరూ చెప్పలేదు. రేడియో బిక్కమొహంతో బయటికి వచ్చాడు. భార్య మోకాలి సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

మొదట్లో ఆయన బుద్ధిగానే వేసుకున్నాడు. వేసుకోకముందు ఎలా ఉన్నాడో వేసుకున్నాకా అలాగే ఉన్నాడు, అదే నచ్చలేదు. పన్ను నొప్పికి బిళ్ళ వేసుకుంటే నొప్పి పోతుంది, మనిషికి తృప్తిగా ఉంటుంది. ఇక్కడ నొప్పి లేదు, జ్వరం లేదు, పోవడానికి ఏమీ లేదు. కనపడని జబ్బుకి కనపడే బిళ్ళ రోజూ మింగడం ఆయనకి శుద్ధ దండగగా అనిపించింది. అయినా భార్య మాట కాదనలేక మింగాడు.

అప్పుడు దగ్గు మొదలైంది.

జలుబు లేదు, కఫం లేదు. గొంతులో ఈక పెట్టి తిప్పుతున్నట్టు ఒకటే గరగర. గుమాస్తాకి దగ్గొస్తే పక్కవాడికి చిరాకు, అంతే. కానీ ఎదుటివాడి గొంతు మీద కత్తి పెట్టి నిలబడ్డ మనిషికి దగ్గు వస్తే? ఒకరోజు బ్యాంకు క్యాషియరు కళ్ళు మూసుకుని, గెడ్డం పైకెత్తి, హాయిగా కూర్చున్నాడు. రేడియోకి లోపల్నుంచి దగ్గు తన్నుకొచ్చింది. కత్తి గాల్లోకి లేపాడు గానీ చెవి కింద చిన్న గీత పడనే పడింది. క్యాషియరు నురగతోనే లేచి నిలబడ్డాడు.

"ఏంటయ్యా ఇది! పీక కోసేస్తావా?"

"అయ్యో, దగ్గండీ! పటిక రాస్తాను, ఏం కాదు."

"నీకేం కాదు. పీక నాది!"

మర్నాటి నుంచి క్యాషియరు లోపలి కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆయన్ని చూసి ఇంకొకరు. వాళ్ళెవరూ రేడియోని ఏమీ అనలేదు. "అక్కడ ఫ్యాను బాగుంటుంది" అన్నారు. ఆ ఫ్యాను సంగతి అందరికీ తెలుసు. బావమరిది కూడా ఏమీ అనలేదు. కూనిరాగం మాత్రం తీసేవాడు.

బల్ల మీది నిపుణులు దగ్గుకి కారణాలు వెతికారు. పౌడరు దుమ్మన్నాడొకడు. వెంట్రుకలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి గూడు కట్టుకుంటాయని, ఆ తరవాత ఎంత దగ్గినా రావని ఇంకొకడు ధైర్యం చెప్పాడు. హెడ్మాస్టారు పేపరు మడిచి తీర్పిచ్చాడు. "మాటలు తగ్గించు. గొంతు పనిముట్టే కదా, అరిగిపోదూ?" రేడియో ఆవిరి పట్టాడు, మూతికి గుడ్డ కట్టుకున్నాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. చివరికి ఒక పూట మాట్లాడకుండా కూడా ఉండి చూశాడు. ఆ పూట సెలూన్‌లోకి వచ్చినవాళ్ళు ఎవరో పోయారనుకుని గొంతు తగ్గించి మాట్లాడారు.

ఇంతలో చెల్లెలికి ఒంట్లో బాగాలేక భార్య వాళ్ళింటికి వెళ్ళి కొన్నాళ్ళు ఉండిపోయింది. ఇంట్లో బిళ్ళలు అయిపోయాయి. మందుల షాపు సెలూన్‌కి ఎదురుగానే ఉంది. అయితే భార్య ఊళ్ళో లేనప్పుడు మందు అయిపోతే రోడ్డు దాటి తెచ్చుకోవచ్చన్న ఆలోచన మగవాడికి అంత తేలిగ్గా వచ్చేది కాదు. రేడియో ఊరుకున్నాడు. భార్య తిరిగొచ్చేనాటికి దగ్గు తగ్గుముఖం పట్టింది. ఆవిడ వచ్చీ రాగానే కొత్త బిళ్ళలు తెచ్చింది. దగ్గూ వెంటే వచ్చింది.

అద్దంలో తన మొహం చూసుకుంటూ రేడియో ఈ సంగతి పట్టుకున్నాడు. ఇక్కడిదాకా ఆయన తెలివికి వంక పెట్టడానికి లేదు. బల్ల మీది నిపుణులందరూ కలిసి పట్టుకోలేనిది ఒక్కడే పట్టుకున్నాడు. ఇక్కడితో ఆగి, ఆస్పత్రికి వెళ్ళి, "అమ్మా, మీ బిళ్ళతో దగ్గొస్తోంది" అని ఉంటే కథే లేదు. కానీ డాక్టరమ్మ గదిలోకి అడుగు పెడితే ఆయనకి అదేం మాయో, నాలుక మడత పడేది. అంత చదువుకున్న మనిషి రాసిచ్చిన మందుకి కటింగు చేసుకునేవాడు వంకలు పెట్టడమా? పైగా ఇంకేదో భయం. నోరు తెరిచి ఒకటి చెప్తే ఆవిడ ఇంకో పరీక్ష రాస్తుంది, అందులో ఇంకోటి బయటపడుతుంది, మోకాలికి తోడెళ్ళిన పాపానికి ఒక జబ్బు తగులుకున్నది చాలదూ?

భార్యకి చెప్తే ఆవిడ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్తుంది. బల్ల మీదివాళ్ళకి చెప్తే బావమరిది వింటాడు. రోగిష్టి బావ అని తెలిస్తే ఆ కూనిరాగం పాటైపోతుంది. అందుకని రేడియో ఎవరికీ చెప్పలేదు. భార్య రోజూ పొద్దున కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టే బిళ్ళని, టిఫిన్ చేశాక వేసుకుంటానని చెప్పి సెలూన్‌కి తెచ్చి, అద్దం ముందున్న ఖాళీ పౌడరు డబ్బాలో వేసేవాడు. దగ్గు పోయింది. చెయ్యి మళ్ళీ నిలకడగా ఆడింది. క్యాషియరు ఫ్యాను మీద మోజు తగ్గించుకుని కిటికీ పక్కకి తిరిగొచ్చాడు. రేడియోకి ఏ బాధా లేదు. బాధ లేనప్పుడు జబ్బు ఎక్కడుంది?

జబ్బు ఆస్పత్రిలో సూది మీద ఉంది.

"బిళ్ళలు వేసుకుంటున్నారా?" అని అడిగేది డాక్టరమ్మ, రాస్తూనే, తల ఎత్తకుండా.

"ఆఁ" అనేవాడు రేడియో. రోజంతా మాట్లాడే మనిషి ఆ గదిలో పలికేది ఆ ఒక్క అక్షరమే.

బీపీ తగ్గలేదు. బిళ్ళ వేసుకుంటున్నా తగ్గలేదంటే మందు చాలడం లేదన్నమాట. డాక్టరమ్మ డోసు పెంచింది. మళ్ళీ వెళ్ళినప్పుడూ తగ్గలేదు, ఆవిడ కనుబొమ్మ ముడిచి రెండో రకం బిళ్ళ కలిపింది. ఆ తరవాత మూడోది. "మొండి బీపీ" అంది. భార్య కంగారుపడి ఇంట్లో ఉప్పు తగ్గించింది. రేడియో చప్పిడి కూడు తింటూ, మింగని మందులకి తగ్గని జబ్బు గురించి భార్యతో పాటు తనూ విచారించాడు. ఇప్పుడు జేబులో పొట్లం లావైంది. తెల్లది, గులాబీ రంగుది, పసుపుది. డబ్బా ఇంచుమించు నిండింది.

ఒక ఆదివారం సెలూన్ కిటకిటలాడుతోంది. రేడియో కుర్చీలో ఒక పిల్లాడు తల ఒకచోట ఉంచకుండా ఏడుస్తున్నాడు, వాళ్ళ నాన్న రెండు చెంపలూ పట్టుకుని ఉన్నాడు. హెడ్మాస్టారుకి ఆగే ఓపిక లేక బావమరిది చేత గెడ్డం గీయించుకున్నాడు. బావమరిది ఆయన మెడకి పౌడరు కొట్టబోతే తన డబ్బా ఖాళీ.

"బావా, నీ పౌడరు తీసుకుంటున్నా."

రేడియో కత్తెర గాల్లో ఆగింది. "ఒరేయ్, అది కాదురా..." అనేలోపు బావమరిది డబ్బా మూత తీసి, హెడ్మాస్టారు మెడ మీద బోర్లించాడు. టపటపమని రాలాయి. కొన్ని కాలర్లోంచి చొక్కాలోకి జారాయి, కొన్ని గుడ్డ మీద నుంచి దొర్లి కత్తిరించిన జుట్టులో కలిసిపోయాయి.

"ఇవేంట్రా, వడగళ్ళా?" అన్నాడు హెడ్మాస్టారు వీపు తడుముకుంటూ. ఒకటి బయటికి తీసి కళ్ళజోడు కిందకి తెచ్చుకున్నాడు. "మా ఇంటావిడ వేసుకునేది ఇదే. బీపీది."

పిల్లాడు కూడా ఏడుపు ఆపేసి చూశాడు. అందరి కళ్ళూ రేడియో మీదే. ఆయన వంగి జుట్టులోంచి బిళ్ళలు ఏరడం మొదలుపెట్టాడు.

"అక్కకి చెప్పనులే బావా" అన్నాడు బావమరిది మెల్లగా. ఆ మాట నిలబెట్టుకోవాలని వాడు నిజంగానే అనుకుని ఉంటాడు. మధ్యాహ్నం భోజనానికి రేడియో ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

అబద్ధం ఆడేవాడి మొహం ఆవిడకి కొత్త కాదు. మీసాలొచ్చిన కొడుకుని పక్కన పెట్టుకుని అర టికెట్ అడిగే తండ్రుల్ని ఆవిడ రోజూ చూస్తుంది. కిటికీలోంచి ఒక్క చూపు చూస్తే వాళ్ళే డబ్బులు తీసి ముందుకి తోస్తారు. ఇంట్లో ఉన్న ఘనుణ్ణి మాత్రం ఇన్నాళ్ళూ పసికట్టలేకపోయానన్నది ఆవిడ అసలు కోపం.

"టిఫిన్ చేశాక వేసుకుంటారా? ఏదీ, ఎక్కడ వేసుకున్నారు? హెడ్మాస్టారుగారి చొక్కాలోనా?"

"అది కాదు, దగ్గొస్తోందే..."

"దగ్గొస్తే దగ్గండి! దగ్గొస్తే మందు మానేస్తారా? రేపు కాలూ చెయ్యీ పడిపోతే అప్పుడేం చేస్తారు, మంచంలో పడుకుని కటింగు చేస్తారా? నేనేమైపోవాలి?"

చివరి మాట దగ్గర ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రేడియో తల దించుకున్నాడు. దగ్గు గురించి చెప్పాల్సింది చాలా ఉంది. కళ్ళు తుడుచుకుంటున్న మనిషికి ఎలా చెప్తాడు?

మర్నాటి నుంచి పొద్దున్నే ఆవిడే గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేది. మూడు రంగులూ ఒకదాని తరవాత ఒకటి. "నోరు తెరవండి. నాలుక ఎత్తండి. ఆ పక్క చూపించండి." ఆవిడ నిలబడి చూస్తుండగా రేడియో అన్నీ మింగాడు. ఆ మూడు బిళ్ళలు, ఆ పెంచిన డోసు, అన్నీ ఒక్క బిళ్ళ కూడా సరిగ్గా మింగని మనిషిని చూసి రాసినవని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తట్టాల్సిన మనిషి ఆస్పత్రిలో తల ఎత్తకుండా రాసుకుంటోంది.

వారం తిరగకుండానే అది జరిగింది. పొద్దున్నుంచీ రేడియోకి కాళ్ళు తేలిపోతున్నట్టుంది. హెడ్మాస్టారు మొహానికి నురగ పట్టించి, ఒక చెంప గీశాడు. దువ్వెన కింద పడింది. వంగి తీశాడు. లేవబోయాడు. అద్దంలో తన మొహం మసకబారడం వరకే ఆయనకి గుర్తుంది.

కుర్చీ కాలు పట్టుకుని నేల మీదికి జారిపోయాడు. బావమరిది చేతిలో కత్తి అవతల పారేసి వచ్చి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "బావా! బావా! కళ్ళు తెరువు!" అని అరిచాడు. కిటికీ పక్క కుర్చీ మీద వాడికున్న ఆశంతా ఆ అరుపుతో ఎటో పోయింది. హెడ్మాస్టారు మెడలో గుడ్డతోనే వీధిలోకి పరిగెత్తి టాక్సీ ఆపాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఉన్న ముసలాయన అడ్డం పడితే ఆపకుండా పోయే ధైర్యం ఆ డ్రైవరుకి లేకపోయింది.

ఆస్పత్రిలో నర్సు పట్టీ చుట్టి కొట్టింది. నమ్మకం కుదరక మళ్ళీ కొట్టింది. డాక్టరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మొండి బీపీ కదా ఈయనది? ఇదేంటి, ఇంత పడిపోయింది?" అని, కాళ్ళు ఎత్తుగా పెట్టించి, సెలైను ఎక్కించింది. గుండెకి పరీక్షలు చేయించింది. రేడియో తేరుకుని కళ్ళు తెరిచేసరికి మంచం చుట్టూ భార్య, బావమరిది, నురగ ఎండి అట్టకట్టిన హెడ్మాస్టారు ఉన్నారు. హెడ్మాస్టారు మొహం చూసి నర్సు ఆయన్ని కూడా పేషంటనుకుని పేరు అడుగుతోంది.

జరిగిందంతా భార్యే చెప్పింది, డబ్బాతో సహా. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది.

"ప్రతిసారీ అడిగాను కదండీ! వేసుకుంటున్నానన్నారు కదా! మీ మాట నమ్మి మందులు పెంచుకుంటూ పోయాను. ప్రాణం పోయి ఉంటే?"

డాక్టరమ్మ కోపంగా లేచింది, గుమ్మందాకా వెళ్ళింది, ఏమనుకుందో వెనక్కి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. చేతిలో పెన్ను కూడా లేదు.

"సరే. ఎందుకు మానేశారు?"

ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వేసుకుంటున్నారా అని అడిగారు, ఎందుకు వేసుకోలేదని అరిచారు. ఇలా కూర్చుని అడిగినవాళ్ళు లేరు. రేడియో ఒకసారి భార్య వైపు చూసి మొదలుపెట్టాడు. క్యాషియరు చెవి కింద గీత, పటిక, ఫ్యాను, ఆవిరి, వెంట్రుకల గూడు, మరదలి అనారోగ్యం, చప్పిడి కూడు. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు తోసి తోసి చూశారు. సెలైను సీసా అయిపోయింది గానీ మాట అయిపోలేదు.

"దగ్గా?" అంది డాక్టరమ్మ మధ్యలో. "ఆ బిళ్ళతో కొంతమందికి ఆ దగ్గు వస్తుంది. అది మామూలే. చెప్తే అప్పుడే వేరేది రాసేదాన్ని కదా!"

భార్య మెల్లగా తల ఎత్తింది. "అంత మామూలైతే, మీరే ఒక మాట ముందు చెప్పాల్సిందమ్మా. నేను కూడా ఆయన దగ్గుని దొంగ దగ్గనుకున్నాను."

"చెప్పాల్సింది" అంది డాక్టరమ్మ. ఆవిడ కోపం అక్కడితో దిగిపోయింది. మూడు బిళ్ళలూ కొట్టేసి, వేరే రకం ఒకే ఒక్కటి, చిన్న డోసుది రాసింది. తరవాత గుండె ఫొటో వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఇన్నాళ్ళూ ఎక్కువ బీపీ మీద కొట్టుకుని కొట్టుకుని గుండె కండ కాస్త మందమెక్కింది. ఇప్పటినుంచైనా జాగ్రత్తపడితే ఇంకా పెరగకుండా చూసుకోవచ్చు."

"నాకు ఎప్పుడూ నొప్పి రాలేదండీ" అన్నాడు రేడియో.

"రాదండీ. అదే దీంతో వచ్చిన చిక్కు."

రేడియో గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అన్నేళ్ళు అందరితోనూ అన్నీ మాట్లాడాడు గానీ తన లోపల అది ఒక్కటే అంత బరువు మోస్తోందన్న సంగతి ఆయనకి తెలియనే లేదు. ఇంటికి వెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. టాక్సీలో బావమరిది రెండుసార్లు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

కొత్త బిళ్ళతో దగ్గు రాలేదు. భార్య గ్లాసు పట్టుకుని నిలబడడం మానేసింది, పక్కన కూర్చుని తన మోకాలి బిళ్ళ తను వేసుకుంటుంది. కస్టమర్లలో కొందరు కిటికీ పక్కకి తిరిగొచ్చారు, కొందరు లోపలి కుర్చీకే అలవాటుపడిపోయారు. రేడియో ఆ ఫ్యాను బాగుచేయించాడు. పైకి ఒప్పుకోడు గానీ బావమరిది చెయ్యి తన చెయ్యి కన్నా తేలికైనదని ఆయనకి తెలుసు.

డాక్టరమ్మ గదిలో మాత్రం ఆయన నాలుకకి పడ్డ మడత ఒక్కసారిగా విడిపోయింది. ఒకసారి వెళ్తే నిద్ర, ఆకలి, గోళ్ళు, ఆవులింతలు అన్నీ చెప్పుకొస్తున్నాడు. దాంతో నర్సు ఆయనకి అందరికన్నా ఆఖరి నంబరు ఇవ్వడం మొదలుపెట్టింది. మొన్న వెళ్ళినప్పుడు సూది సరిగ్గా ఉండాల్సిన చోట ఆగింది. డాక్టరమ్మ సంతోషించి, "బీపీ నార్మల్‌గా ఉంది, చాలా బాగుంది" అంది.

రేడియో మొహం వెలిగిపోయింది.

"అయితే ఇక బిళ్ళ ఆపేయొచ్చా అండీ?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి భార్య వైపు చూసింది. భార్య అప్పటికే చేతిసంచీ భుజాన వేసుకుని, ఆయన మోచెయ్యి పట్టుకుని లేపుతోంది.